నత్త పక్షం, గబ్బిలం పక్షం

మా ఇంట్లో వాదన పెట్టుకోవాలంటే ఒక పద్ధతి ఉండేది. ఎదుటి మనిషి ఏమన్నాడో ముందు నువ్వు చెప్పాలి. విన్న మనిషి "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకోవాలి. అప్పుడుగానీ ఆ మాటను ఖండించే హక్కు నీకు రాదు. ఒప్పుకోకపోతే మళ్లీ చెప్పాలి. మా నాయన వయసులో ఉండగా సంఘసంస్కరణ సభల్లో తిరిగి నేర్చుకొచ్చిన నియమం ఇది. వితంతు వివాహం మీద, అంటరానితనం మీద వాదించడానికి పుట్టిన నియమాన్ని ఆయన మా వంటింటి దాకా తెచ్చాడు. "పప్పుల ఉప్పెక్కువైందని మీరంటున్నరు, అంతేనా?" అని మా అమ్మ అడిగేది. ఆయన అవుననేవాడు. "అయితే పెరుగేసుకోండి" అనేది. ఖండన అయిపోయేది.

నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. ఆదివారం సాయంత్రాలు మా క్వార్టరు వరండాలో చర్చ నడిపేవాడు. అక్కడ ఇంకో నియమం కూడా ఉండేది. ఇరుగుపొరుగు తగాదాను పేర్లతో సభకు తేకూడదు, దాన్నొక విషయంగా మార్చి తేవాలి. నల్లా దగ్గర ఇద్దరు బిందెలు విసురుకుంటే నాయన "వరుస గొప్పదా, అవసరం గొప్పదా" అని ప్రకటించేవాడు. బిందెలు విసురుకున్న ఇద్దరూ వచ్చి ముందు వరసలో కూర్చుని, తమకేమీ సంబంధం లేనట్టు వినేవాళ్లు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, తొలకరి పడిన వారంలో ఆయన ప్రకటించిన విషయం ఇది: ఇంటి పక్కన ఉండడానికి నత్త మేలా, గబ్బిలం మేలా. నాకప్పుడు పదిహేడేళ్లు. మెట్రిక్ రాసి ఖాళీగా ఉన్నాను. నోరు మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండేది కాదు. దేవుళ్ల మీద, దయ్యాల మీద, పంచాంగం మీద, బల్లి శాస్త్రం మీద ఎవరు నోరు విప్పినా వాళ్ల మీదికి దూకేదాన్ని. గబ్బిలం పక్షం నాది.

అసలు తగాదా చెట్టు గురించి. మా వరస చివర ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని కొమ్మల నిండా గబ్బిలాలు. పాడుబడ్డ గోడల సందుల్లో ఉండే చిన్నవి కావు. కాకి కన్నా పెద్దవి, నక్క మొహానివి, ఎర్రటి మెడ ఉన్నవి. పగలంతా, వర్క్‌షాపు గేటు దగ్గర మేకులకు తగిలించిన నూనె మరకల కోట్లలాగా వేలాడేవి. ఆ చెట్టు కిందే మా టీచరమ్మ క్లాసు జరిగేది. ఆమె కోస్తా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవురాలు, సికింద్రాబాదు మిషన్ బడిలో పంతులమ్మ. నాలుగు గంటలకు బడి వదలగానే నడిచి వచ్చి, కాలనీ ఆడవాళ్లకు చదవడం రాయడం నేర్పేది. గోనెసంచులు పరుచుకుని పది పన్నెండు మంది కూర్చునేవాళ్లు. మావన్నీ ఒక గది క్వార్టర్లు. అంతమంది కూర్చునే చోటు ఎవరింట్లోనూ లేదు. చెట్టు పోతే క్లాసు పోయినట్టే.

చెట్టు కొట్టేయాలన్నవాడు మేస్త్రీ చాచా. కొలిమి పనిలో ముప్పై ఏళ్లు చేసినవాడు, తెలంగాణ ముసల్మాను, మా నాయన చర్చలకు ఒక్క ఆదివారం తప్పనివాడు. ఆయన ఇల్లు చెట్టును ఆనుకునే ఉండేది. ఒక సాయంత్రం అర్జీ పట్టుకుని వచ్చాడు. మొదటి సంతకం ఆయనదే, ఉర్దూలో. దాని కింద ఇంకో నలుగురివి.

"గుమాస్తా సాబ్, దీని మీద మీ సంతకం సుత కావాలె."

నాయన చదివాడు. "చెట్టు కొట్టెయ్యమని ఇంజనీరు ఆఫీసుకా? ఏం జేసింది చెట్టు?"

"చెట్టేం జెయ్యలే. దాని మీదున్నయే, అవి. మనహూస్ అంటరు పెద్దోళ్లు. ఇంటి పక్కన గబ్బిలాయిలుంటె ఆ ఇల్లు నిలువదంటరు. ఉంటె నత్త లెక్క ఉండాలె. గోడ మీద ఉంటది, ఉన్నట్టు సుత ఎర్కగాదు. ఎవ్వరికి తక్లీఫ్ ఇయ్యదు."

నేను లోపలినుంచి ఉరికొచ్చాను. "అశుభమా? చాచా, మీరు గూడనా?"

"సూడు, వచ్చింది తుఫాన్ మెయిల్" అన్నాడు చాచా.

టీచరమ్మ అప్పుడే క్లాసు ముగించుకుని మా గుమ్మంలో మంచినీళ్లు తాగుతోంది. ఆమె గ్లాసు కింద పెట్టి, "మేస్త్రీ గారూ, ఆ చెట్టు లేకపోతే నేను ఎక్కడ కూర్చోబెట్టను వీళ్లందర్నీ? మీ ఆవిడ కూడా అక్కడే కదండీ గుణింతాలు నేర్చుకుంది" అంది.

చాచా ఆమె వైపు చూడలేదు. చాచీ గుణింతాలు సగం దాకా వచ్చి, పోయిన సెప్టెంబరులో, పోలీసు చర్యకు పటాలాలు వచ్చిన రోజుల్లో మానేసింది. మళ్లీ రాలేదు. అప్పటి సంగతులు ఆ రోజుల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కొన్ని ఇళ్లలో పండగ, కొన్ని ఇళ్లలో గొళ్లెం. మా కాలనీలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ చాచీ పుట్టిల్లు దూరపు జిల్లాలో ఉంది. అక్కడినుంచి మూడు నెలలు ఉత్తరం రాలేదు. చివరికి వచ్చింది, అందరూ క్షేమమే. అయినా గొళ్లెం తీయలేదు.

నాయన అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. విషయం దొరికినప్పుడు అలాగే మెరిసేవి. "ఆదివారం పెడదాం. నత్త పక్షం మీరు. మీరు గెలిస్తే నేను సంతకం జేసి నేనే ఆఫీసుల ఇస్త. ఓడితే అర్జీ మీకు వాపసు."

"గబ్బిలాయి పక్షం ఎవరు?"

నాయన నా వైపు చూశాడు. చాచా నవ్వి, "అయితే నేను ఇంటికి పోయి పండుకుంట. గింత నోటితోని ఎవరు గెలుస్తరు?" అన్నాడు. కానీ వస్తానన్నాడు.

ఆ వారమంతా నా ఆనందం చెప్పలేను. ఒక మూఢనమ్మకం తనంతట తానే నడిచి వచ్చి నా ముందు నిలబడింది. చెట్టు కింద వెల్లకిలా పడుకుని గబ్బిలాలను చూశాను. అది పిల్లల కాలం. తల్లులు రెక్కల్లో పిల్లల్ని చుట్టుకుని వేలాడేవి. ఎండ ముదిరితే ఒక రెక్కతో విసురుకునేవి, మా అమ్మ కొంగుతో విసురుకున్నట్టే. పొద్దు గూకుతుంటే లేచి, కాప్రా చెరువు మీదుగా పోయేవి. సైకిలేసుకుని వాటి వెంట పోయి చూశాను. ఎగురుతూనే నీళ్లకు పొట్ట తాకించి, తర్వాత ఎక్కడో వేలాడి ఆ తడి బొచ్చు నాకేవి. అక్కడినుంచి బొల్లారం తోటల వైపు. తిన్న పండ్ల గింజలను దారి పొడవునా చల్లుతూ పోయేవి. గుడ్డివని లోకం అంటుంది. అంత పెద్ద కళ్లు గుడ్డివి కావడం ఎలాగో ఎవరూ అడగరు.

ఎదుటి పక్షాన్ని కూడా చదవాలి కదా. చాచా ఇంటి ప్రహరీ మీద నత్తలుండేవి. మార్చినుంచి చూస్తున్నాను, అవి గోడకు అంటుకుని, గుల్ల మూతికి కాగితంలాంటి పొర కట్టుకుని నిద్రపోయాయి. గోటితో కొట్టినా పలకలేదు. తొలకరి పడిన సాయంత్రం ఆ పొర పగిలింది. ముందు కొంచెం తడి కనిపించింది, తర్వాత రెండు కొమ్ములు, కొమ్ముల చివర కళ్లు. బయటికి వచ్చి అవి చేసిన మొదటి పని చాచా ఇంటి సున్నం గీకి తినడం. గుల్ల కట్టడానికి సున్నం కావాలి మరి. ఒకటేమో తలకిందులుగా వేలాడి ఆకాశమంతా తిరిగి వస్తుంది, ఒకటి ఇల్లు మోసుకుంటూ ఒక గోడ దాటడానికి ఒక పూట తీసుకుంటుంది. ఒకదానికి ఏడాదికొక్క బిడ్డ, దాన్ని ఎత్తుకునే ఎగురుతుంది. ఇంకోటి మట్టిలో గుడ్లు పెట్టి వాటి సంగతి మరిచిపోతుంది. పైగా ప్రతి నత్తా ఆడదీ మగదీ రెండూ తానే. ఈ సంగతి వరండాలో చెప్పాలా వద్దా అని అమ్మనడిగితే, "వద్దు, మీ నాయన ఆడోళ్ల హక్కుల మీద ఇంకో ఆదివారం పెడ్తడు" అంది.

చాలా రోజులుగా చూస్తున్నవాటిలో ఒకటి మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. కొందరు షికారు సరదాగాళ్లు సైకిళ్ల మీద తుపాకితో ఆదివారం పొద్దున్నే వచ్చేవాళ్లు. గబ్బిలం మాంసం ఉబ్బసానికి మందని వాళ్ల నమ్మకం. చెట్టు కింద నిలబడి రెండు మూడు సార్లు పేల్చేవాళ్లు. పేలగానే వందల రెక్కలు లేచేవి. చాచా ఇంటి కిటికీ రెక్కలు టప్పున మూసుకునేవి. రెట్ట పడుతుందని మూసుకుంటున్నారనుకున్నాను. ఉబ్బసం మందు మీద కూడా నాలుగు వాక్యాలు రాసుకుని సంతోషపడ్డాను.

ఆదివారం సాయంత్రం వరండా నిండింది. క్లాసు ఆడవాళ్లంతా టీచరమ్మతో వచ్చి ఒక పక్క కూర్చున్నారు. బల్ల మీద పక్షానికి ఐదు నిమిషాలు కొలిచే అలారం గడియారం, దాని పక్కన అర్జీ, అర్జీ పక్కన మూత తీసిన సబ్బు పెట్టెలో నేను తెచ్చిన నత్త. సాక్ష్యంగా తెచ్చాను.

చాచా లేచాడు. ఆయన వాదన చిన్నది. "నత్తకు నోరు లేదు. నౌకరీ లేదు. ఎవ్వర్నీ పిలువది. దాన్ని ఎవ్వరు పట్టించుకోరు. గట్ల బతుకుడు మంచిది. గబ్బిలాయిలు వంద కలిసి ఉంటయి. వంద కలిసి ఉన్నకాడికి వెయ్యి మంది వస్తరు. ఖతం." కూర్చున్నాడు.

"నాలుగు నిమిషాలు మిగిలినయి" అన్నాడు నాయన.

"ఉంచుకోండి, మీ బిడ్డకు పనికొస్తయి."

నేను లేచాను. ముందు ఆయన మాట నేను చెప్పాలి. "చాచా అన్నదేమిటంటే, గబ్బిలాలు అశుభం, అవి పక్కనుంటే ఇల్లు నిలవదు." చెప్పి, ఆయన అవుననడం కోసం ఆగాను. ఖండన ఆరు పేజీలుంది.

"గాదు" అన్నాడు చాచా.

"మీరే గదా అన్నారు, మనహూస్ అని."

"పెద్దోళ్లంటరని అన్న. నేనంటున్ననని అన్ననా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆరు పేజీలు అక్కడే చచ్చాయి. నాయన గడియారం వైపు చూశాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. "అయితే, రెట్ట పడి ఇల్లు పాడవుతుందని."

"ముప్పయేండ్లు బొగ్గు పొగల ఉన్న. రెట్టకు భయపడ్తనా?"

"అయితే, గోల. పగలంతా కీచుకీచుమంటాయని."

"ఏమన్నవు?" అని చెవికి చేయి ఆనించాడు. వర్క్‌షాపు సుత్తులు ఆయన చెవులను ఎప్పుడో తినేశాయని అందరికీ తెలుసు. వరండా మొత్తం పగలబడి నవ్వింది. నాయన కూడా నవ్వి, వెంటనే గంభీరంగా మారి, "ఆయన ఒప్పుకోనిదే ఖండన లేదు" అన్నాడు.

అంతవరకు ఎన్ని వాదాలు గెలిచానో, అవన్నీ ఎదుటివాళ్లు ఇంత సులువైన మాటలన్నారు కాబట్టే గెలిచానని అప్పుడు తట్టింది. అంతటితో కూర్చుంటే చెట్టు పోతుంది. టీచరమ్మ నా మొహంలోకి చూస్తోంది. కాగితాలు పక్కన పెట్టి, వేరే దారి లేక, ఆయన చెప్పినదాన్ని మొదటినుంచి నెమ్మదిగా తిరిగి చెప్పడం మొదలుపెట్టాను.

"నత్త మంచిదని చాచా అన్నారు. ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను చూశాను, వేసవంతా తలుపు వేసుకుని ఉంది. కొడితే పలకలేదు. గబ్బిలాలు వంద ఉంటే వెయ్యి మంది వస్తారన్నారు చాచా." అక్కడ ఆగాను. వెయ్యి మంది ఎవరు? మా చెట్టు కిందికి ఎవరొస్తారు? ఆడవాళ్లు వస్తారు, పలకలతో. ఇంకెవరొస్తారు? వరండాలోంచి చాచా ఇంటి కిటికీ కనిపిస్తోంది. జూన్ ఉక్కలో కూడా మూసి ఉంది.

"చాచా" అన్నాను, "మీరన్నది గబ్బిలాల గురించి కాదు. వాటికోసం మీ గోడ పక్కన పేలే తుపాకి గురించి."

ఎవరూ నవ్వలేదు.

"అవును బేటీ" అన్నాడు చాచా. "నేనన్నది ఇదే." తర్వాత నాయనతో, నెమ్మదిగా, "పేలినప్పుడల్ల మా ఇంటిది మంచం కిందికి దూరుతది, సాబ్. గబ్బిలాయిల కోసమే గదనే అంట. అయినా దూరుతది. గీ మాట మందిల ఎట్ల చెప్పాలె? చెట్టు లేకుంటే వాళ్లు రారనుకున్న" అన్నాడు.

ఇప్పుడు ఖండించే హక్కు నాకొచ్చింది. ఖండించడానికి ఏమీ లేదు. గడియారంలో ఇంకా సమయం ఉండగా నేను కూర్చున్న సభ నా జన్మలో అదొక్కటే.

మాట్లాడింది టీచరమ్మ. "అంతేనా మేస్త్రీ గారూ? ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ. ఆదివారం పొద్దున కూడా క్లాసు పెడతాను. చెట్టు కింద పన్నెండు మంది ఆడాళ్లు కూర్చుంటే ఎవడు పేలుస్తాడో చూద్దాం."

"ఆదివారం పొద్దున మీకు చర్చి గదా" అంది మా అమ్మ.

పన్నెండు మంది ఆడవాళ్లూ, మా అమ్మా, నాయనా, టీచరమ్మా అందరూ కలిసి నా వైపు తిరిగారు.

"నేనా? నాకు పాఠం చెప్పడం రాదు" అన్నాను.

"నోరుంది కదమ్మాయ్" అంది టీచరమ్మ. "దాన్ని దేనికైనా వాడదాం."

చాచా గట్టిగా గొంతు సవరించుకున్నాడు. "నాలుగు ఆదివారాలు చూస్త. ఒక్కపారి తుపాకి పేలినా అర్జీ ఆఫీసుకు పోతది. మంజూరేనా?"

మంజూరే అన్నాడు నాయన, అర్జీ అందుకోబోతూ. దాని మీద నత్త ఉంది. ఎవరూ చూడకుండా సబ్బు పెట్టె దిగి, ఆ గంటలో కాగితం అడ్డంగా నడిచింది. దాని వెనక మెరిసే తడి గీత. ఆ గీత కింద చాచా సంతకం నీలం మరకైపోయింది.

"ఇది చెల్లదు" అన్నాడు నాయన, గుమాస్తాగా. "మళ్లీ సంతకం జెయ్యాలె."

"మీ సాక్షి నా పక్షపుదే గదా" అన్నాడు చాచా నత్తను చూస్తూ. "ఎందుకు ఎదురు తిరిగింది?" అన్నాడు గానీ పెన్ను అడగలేదు.

మొదటి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. తుపాకి రాలేదు. రెండో ఆదివారమూ రాలేదు. నేను బోర్డు మీద "నత్త" అని రాసి, ఒత్తు ఎలా పెట్టాలో చెప్పబోయి నాకే వంకరపోయింది. ఆడవాళ్లు ఆ వారమంతా నన్ను "వంకర పంతులమ్మ" అన్నారు. చాచా ఇంటి కిటికీ ఒక రెక్క తెరిచి ఉండడం ఆ రోజే చూశాను. చూసినట్టు కనిపించకూడదని బోర్డు వైపు తిరిగాను.

మూడో ఆదివారం వాళ్లు వచ్చారు. ఇద్దరు, రెండు సైకిళ్లు, ఒకరి భుజాన తుపాకి. చెట్టు కింద గోనెసంచుల మీద ఆడవాళ్లను చూసి సైకిళ్లు దిగారు.

"జెర జరగండి అమ్మా, గబ్బిలాయి కొట్టాలె. మా నాయినకు దమ్ము" అన్నాడు తుపాకివాడు.

నేను నోరు తెరిచాను. ఉబ్బసానికి గబ్బిలం మాంసం పనిచేయదని చెప్పడానికి నా దగ్గర నాలుగు వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. అంతలో నా వెనక గొళ్లెం చప్పుడైంది. చాచీ బయటికి వచ్చింది. చేతిలో పలక, నెత్తిన దుపట్టా. నేరుగా తుపాకివాడి ముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, ఇది బడి" అంది. "కూసుంటవా? ఏ అక్షరం దాకా వచ్చినవు?"

"నాకు చదువు రాదమ్మా" అన్నాడు తుపాకివాడు, నిజంగానే సిగ్గుపడుతూ.

"నాకు సుత సగమే వచ్చు. గోనెసంచి జరుపు, ఓ బేటీ. ఈయనకు చోటియ్యి."

ఆడవాళ్ల నవ్వుకు పైన గబ్బిలాలు ఒకసారి కదిలి, మళ్లీ సర్దుకున్నాయి. వాళ్లిద్దరూ సైకిళ్లు తిప్పుకుని వచ్చిన దారినే పోయారు. వెనకవాడు ముందువాణ్ని చాలా దూరం దాకా ఆటపట్టిస్తూనే ఉన్నాడు: "ఏ అక్షరం దాకా వచ్చినవురా?"

చాచీ గోనెసంచి మీద కూర్చుంది. పలక ఒడిలో పెట్టుకుని బోర్డు వైపు చూసి, ఆ రోజు నేను రాసిన మాటను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "గ. బ్బి. లం." చదివి తల పైకెత్తి చెట్టులోకి చూసింది, అక్షరం నిజమో కాదో సరిచూసుకుంటున్నట్టు.

చాచా నాలుగో ఆదివారం దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే వచ్చి నాయన దగ్గర అర్జీ వాపసు తీసుకున్నాడు. కొలిమి రాజేయడానికి పనికొస్తుందన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "నత్త పక్షం ఇంకా ఓడలే, యాదుంచుకో" అన్నాడు నాతో.

"మీరన్నది, నత్త పక్షం ఓడలేదని. అంతేనా చాచా?"

"అవును. నేనన్నది ఇదే" అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

నేను ఖండించలేదు. వాన మొదలైంది, ఆయన ఇంటి గోడ మీద అప్పటికే ఏడెనిమిది నత్తలు సున్నం తింటున్నాయి. వాటికి పైన కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి.